దయ్యాలు పట్టేవాడి జీతం

12 జనవరి 2009, నోవై, మిషిగన్
ప్రాజెక్టు పోయి ఇరవై రోజులు. బెంచ్ మీద ఉన్నా, అంటే ఇంకో ప్రాజెక్టు దొరికేదాకా ఖాళీ. కిటికీ దాకా మంచు. రూమ్మేట్ సుస్మిత లైబ్రరీ నుంచి జపాన్ బొమ్మల పుస్తకం తెచ్చింది, మాంగా. కుడి నుంచి ఎడమకి చదవాలి. హీరో ఓ కంపెనీలో దయ్యాలు పట్టే ఉద్యోగి. ఒక పేజీ నిండా వాడి పే స్లిప్పే. సుస్మిత డాలర్లలోకి మార్చి పడీ పడీ నవ్వింది. "నెలకి పదిహేను వందలా! పానం మీదికి తెచ్చుకునేటోనికి? పిజ్జాలు మోసినా ఎక్కువొస్తదే!" నాకైతే నమ్మేటట్టే ఉంది. ఇన్సూరెన్స్ కోత, యూనిఫాం కోత... గీసినవాడు ఎక్కడో ఉద్యోగం వెలగబెట్టే ఉంటాడు.

15 జనవరి
మళ్లీ అదే పేజీ. దయ్యాలు దొరకని నెల కూడా వాడికి జీతం పడింది. ఇదొక్కటే నమ్మలేకపోతున్నా. నాకూ పడాలి నిజానికి... వీసా కాగితాల్లో అలాగే ఉంది.

16 జనవరి
అడిగేశాను. సార్‌కి — న్యూజెర్సీలో మా కన్సల్టెన్సీ ఓనర్‌కి — ఫోన్ చేసి. "బెంచ్ మీద జీతం ఎవరిస్తారమ్మా? సెలవు పెట్టి ఇండియా వెళ్లానని లెటర్ ఇవ్వు. పేపర్ మీద క్లీన్‌గా ఉంటుంది."
"ఇక్కడే ఉన్నాను కద సార్..."
"ఫార్మాలిటీ అమ్మా. అందరూ చేసేదే."
సంతకం పెట్టి పంపాను. అన్నం సహించలేదు.

4 ఫిబ్రవరి
ఉద్యోగం వచ్చింది! అసలైన కంపెనీ. వీసా వాళ్ల పేరు మీదికి మారుస్తారట. సుస్మిత సేమ్యా పాయసం చేసింది.

9 ఫిబ్రవరి
కొత్త కంపెనీ లాయరమ్మ జనవరి పే స్లిప్ అడిగింది. లేదు. సార్‌కి చెబితే — "ఇండియా వెళ్లావన్న నీ లెటర్ ఆవిడకి పంపించేశాలే."

10 ఫిబ్రవరి
మాంగా రెండో భాగం. పే స్లిప్‌లో సున్నా. కంపెనీ రికార్డుల్లో వాడు చనిపోయి ఆరు నెలలట. వాడేమో రోజూ డ్యూటీకి వెళ్తూనే ఉన్నాడు. సుస్మిత "భలే ట్విస్ట్" అంది. పుస్తకం మూసేశాను.

12 ఫిబ్రవరి
లాయరమ్మ మెయిల్. పాస్‌పోర్టు అన్ని పేజీలూ స్కాన్ చేసి పంపాలి, ఇండియా వెళ్లొచ్చిన స్టాంపులు కనబడాలి. రేపు ఐదు లోపు.
స్టాంపు ఎక్కడిది.
"ఉన్నదున్నట్టు చెప్పెయ్," అంది సుస్మిత. చెబితే? అబద్ధం కింద సంతకం సార్‌ది కాదు, నాది. భయంగా ఉంది. సిగ్గుగా కూడా.

13 ఫిబ్రవరి, మధ్యాహ్నం మూడు
సార్ ఫోన్. "పాస్‌పోర్టు పోయిందని చెప్పు. లెటర్ నేనే టైప్ చేసి పంపుతా, సంతకం పెట్టు చాలు."
వచ్చింది. ప్రింట్ తీశాను. కింద నా పేరు, పైన సంతకానికి ఖాళీ గీత. పాస్‌పోర్టు పక్కనే ఉంది.
నాలుగున్నర అవుతోంది.