దూలం జారిన రోజు

ముందుగా ఇది చదువు, నా ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు. మీ తమ్ముడు నాకంటే ముందే ఏమైనా రాసి ఉంటే కంగారు పడకు.

ఇక్కడ పశువుల కొట్టానికి స్తంభాలన్నీ నిలబెట్టేశాం. నిన్న పెద్ద దూలాన్ని పైకి లాగుతుండగా మోకు జారడం మొదలైంది. నేను సరిగ్గా దాని కిందే వంగి, కింద పడిన చెక్క మేకులు ఏరుకుంటున్నాను. మీ తమ్ముడు పరుగెత్తుకొచ్చి నన్ను పక్కకు ఈడ్చేశాడు. దూలం నేను వంగి ఉన్న చోటే పడింది.

"మూడుసార్లు అరిచాను బావా! చెవుల్లో ఏం పెట్టుకున్నావ్?" అన్నాడు.

నాకు ఒక్క కేక కూడా వినబడలేదు. సుత్తుల మోతలో వినబడలేదని అందరికీ చెప్పాను. ఆ సమయంలో ఎవరి చేతిలోనూ సుత్తి లేదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. వానలు పడేలోపు గేదెలు లోపలికి రావాలి కనుక రేపు దూలం మళ్లీ ఎత్తుతాం. కింద నిలబడి కేకలు వేసే పని వాడికే అప్పగించాను. ఇన్నేళ్ల మేస్త్రీని, చేతులు కట్టుకుని దూరంగా నిలబడాలి.

అమ్మకు జ్వరం తగ్గిందా? పెరటి తలుపు బందు ఊడిందని రాశావు. వడ్రంగి ఇంటికి ఇంకో వడ్రంగి వస్తే నా పరువేం కాను? నేను వచ్చేదాకా తాడు కట్టి ఉంచు. అమ్మకు నమస్కారాలు, పిల్లకు ముద్దులు.

కార్డులో ఇంకాస్త చోటుంది. ఒక్క మాట అడుగుతాను, దాచకుండా రాయి. పోయినసారి వచ్చినప్పుడు, నువ్వు రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదని అలిగి, చెప్పకుండా బయల్దేరాను. నువ్వు మాట్లాడుతూనే ఉన్నావా?