కోబేలో ఖాళీ కుర్చీ

ఫుమీయేకి,

నువ్వూ, మన అమ్మాయి చిజురూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను క్షేమం. నా పొట్ట సంగతి మాత్రం అడగకు. డిసెంబరు వచ్చిందంటే అది నాది కాదు, కంపెనీది.

నువ్వు పంపిన స్వెట్టరు అందింది. కొలత సరిపోయిందా అని అడిగావు. నడుం దగ్గర కాస్త బిగుతు. తప్పు నీది కాదులే, రోజూ విందులాయె. మంచు బాగా పడుతోందా అన్నావు. పడుతోంది. ఆ మంచులోనే కొత్త క్యాలెండర్ల చుట్టలు చంకన పెట్టుకుని, మా పంపులు కొనే ప్రతివాళ్ళ గడపా ఎక్కుతున్నాను. "ఈ ఏడంతా మీ దయ" అని నేను వంగడం, "అబ్బే, మాదేముంది, అంతా మీ దయే" అని వాళ్ళు వంగడం. సాయంత్రమైతే ఆ మొహాలే మళ్ళీ విందులో ఎదురవుతాయి. సీసా రెండు చేతులా పట్టుకుని, ఒక్కొక్కరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని గ్లాసు నింపాలి. విసుగొచ్చేసింది ఫుమీయే. నిజంగా విసుగొచ్చేసింది.

ఇదంతా ఎందుకు పడుతున్నానో నీకు తెలుసు. వసంతంలో బదిలీలు. పిల్ల చదువు పూర్తయి ఇల్లు దాటేలోపు, ఒక్క ఏడాదైనా ముగ్గురం ఒకే బల్ల దగ్గర అన్నం తినాలని నా ఆశ. "మేనేజరు గారితో మాట్లాడారా?" అని పోయిన ఉత్తరంలో అడిగావు. అన్నిటికీ జవాబు రాసి దానికి రాయకపోతే నువ్వు ఊరుకోవు. చెప్తాను.

శుక్రవారం మా ఆఫీసువాళ్ళ ఏడాది చివరి విందు జరిగింది. వాకుయ మేనేజరు గారు మొహం ఎర్రబడి, "ఇవాళ చిన్నా పెద్దా లేదర్రా! మనసులో ఉన్నది కక్కేయండి!" అన్నారు. నేను సీసా పట్టుకుని ఆయన ఎదుట కూర్చున్నాను. నా భుజం మీద చెయ్యేసి, అందరూ వినేటట్టు అడిగారు.

"ఏమయ్యా హొసకా, కోబేలో ఓ కుర్చీ ఖాళీ అవుతోంది. నన్నే ఒకణ్ణి పంపమన్నారు. ఇంటికి పోతావా?"

పోతానని అరవాలనిపించింది. నోరు మాత్రం దాని అలవాటు మానలేదు. "అబ్బెబ్బే! మీ దగ్గర నేర్చుకోవలసింది ఇంకా బోలెడుంది సార్. నన్నిక్కడే ఉంచండి" అనేసింది.

నీకు తెలియనిదేముంది? మొదటిసారి అడిగితే ఎవరైనా వద్దనే అంటారు. రెండోసారి నసుగుతారు. మూడోసారికి కదా ఒప్పుకునేది! ఆయన మళ్ళీ అడుగుతారని తల వంచుకుని ఎదురుచూస్తున్నాను.

"చూశారర్రా, మనిషంటే వీడూ! ఇంకో మూడేళ్ళు నాతోనే!" అంటూ ఆయన కళ్ళు తుడుచుకున్నారు. వెంటనే పక్కకి తిరిగి, "మరి నువ్వోయ్ నినొమియా?" అన్నారు. పెళ్ళీ పెటాకులూ లేని నినొమియా, పెద్దాయన నోరు మూసుకునేలోపే, "వెళ్తాను సార్!" అన్నాడు. అంతే, అయిపోయింది.

అందరం లేచి, ఎప్పటిలాగే ఒకే ఒక్క చప్పట కలిసి కొట్టి విందు ముగించాం. దాంతో ఆ నిర్ణయమూ ఖాయమైపోయింది. నేనూ కొట్టాను ఫుమీయే. అందరికంటే గట్టిగా కొట్టాను. వీధిలోకి వచ్చాక ఏడుపొచ్చింది. ఇంటికి పోతాను అనడానికి ఇంత చేతకానివాణ్ణా నేను?

నువ్వు తిడతావనుకుంటే కాస్త హాయిగా ఉండేది. తిట్టవు. నీ ప్రతి ఉత్తరం చివరా ఒక ముక్క ఉంటుంది, "మాకేం తొందర లేదు, మీ వీలు చూసుకునే రండి" అని. ఇన్నేళ్ళూ అది చదివి, అమ్మయ్య అనుకునేవాణ్ణి. ఇవాళ మళ్ళీ చదివితే ఒళ్ళు జలదరించింది. నువ్వూ నాలాగే అంటున్నావేమో!

నువ్వు రమ్మంటే చాలు, మేనేజరు గారి గదిలోకి వెళ్ళి అందరిముందూ అన్న మాట వెనక్కి తీసుకుంటాను. కోబే కాకపోతే ఆ పక్క ఊరైనా ఇమ్మంటాను. పరువు పోతే పోయింది.

నిన్నెప్పుడూ రెండోసారి అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నేను రావాలా ఫుమీయే?

ఇట్లు,
జవాబు కోసం కాచుకున్న నీ భర్త,
కియోతకా