రాయి తలకు పైనుంచే

1936 జనవరి 27

ఉత్తరం పోయింది. కోయిలకుంట్ల బండిలో, పాస్టరు అయ్యగారి చేతికే ఇమ్మని చెప్పి పంపాను. నేను చెప్పే మిషన్ బడిలో ఏడో ఎక్కం రెండుసార్లు తప్పు చెప్పాను. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

రాసింది ఇంతే. అయ్యగారూ, మా పాలెం మగవాళ్లు ఏడాదిగా ఒకే ఏసు గుడికి రెండు పూటలుగా వస్తున్నారు. తూర్పింటి రెడ్డి జీతగాళ్లు పొద్దున, పడమటింటి రెడ్డి జీతగాళ్లు సాయంత్రం. మీరు కూడా ప్రభువు బల్ల రొట్టె, రసం గిన్నె రెండుసార్లు పెడుతున్నారు. ఈ నెల ఒక్కసారే పెడతానని అనండి.

అడిగింది నేనని ఎవరికీ తెలియకూడదు. మా ఆయనకు కూడా.

జనవరి 29

వాగు ఒడ్డున ఉన్న వంక చేను దగ్గర మళ్లీ రాళ్లు. ఆ జొన్న చేను నాదంటే నాదని రెడ్లిద్దరూ ఇళ్లలో కూర్చుంటారు. వడిసెలతో రాళ్లు విసిరేది మావాళ్లు. మా ఆయన పడమటి గట్టున, నా తమ్ముడు యాకోబు తూర్పు గట్టున.

ఆయన చెవి పక్కనుంచి రాయి పోయిందట. ‘మీ తమ్మునిదే’ అన్నారు, సంగటి తుంచుకుంటూ. మామూలుగా.

ఉగాదికి జీతానికి కుదిరిన ఏడాది తీరుతుంది. అప్పుడు ఆయనా యాకోబూ ఇద్దరూ జమ్మలమడుగు వైపు నాపరాతి గనుల్లోకి పోవచ్చు. మధ్యలో మానేస్తే ఏ రెడ్డీ ఊరుకోడు. అందాకా ఇద్దరూ బతికి ఉండాలి. నాకు కావలసింది అంతే.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఎక్కడ మొదలుపెట్టను...

తూర్పువాళ్లు వచ్చి కూర్చున్నారు. అయ్యగారు గిన్నె మీద గుడ్డ తీయలేదు. ‘పడమటోళ్లను గూడా పిల్సుకోని రండప్పా. గిన్నె ఒగటే, ఒగసారే.’ ఎవరూ కదలరు. దగ్గులు. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. నేను తల వంచుకొని ప్రార్థన చేస్తున్నట్టు నటించాను — నిజంగా చేస్తున్నాను కూడా.

చివరికి యాకోబు లేచాడు. ‘బావను పిల్సుకొస్తా.’

వచ్చారు. రెండు పక్కలా కలిపి ఇరవైఒక్క మంది. కట్టెలు బయట గోడకు ఆనించారు. ఆయన తాగిన గిన్నె యాకోబు అందుకున్నాడు. ఆడవాళ్లం ఏడ్చాం, సిగ్గు లేకుండా.

తర్వాత అయ్యగారు ‘ఎద్దులకు నీళ్లు చూసొస్తా’ అని బయటికి వెళ్లి ఎంతకీ రాలేదు. ఎంత తెలివైన మనిషో. లోపల ఒక్కొక్కరూ ఒక్కో మాట అన్నారు—

రాయి తలకు పైనుంచే పోవల్ల...

కట్టె కట్టెకే తగలల్ల...

అరుపులు మాత్రం శానా ఉండల్ల...

ఉగాది దాకా.

ఫిబ్రవరి 6

వంక చేనులో గంటసేపు యుద్ధం. ఒక కాకి చచ్చింది.

ఫిబ్రవరి 11

మళ్లీ యుద్ధం. అరిచి అరిచి ఆయన గొంతు పోయింది. మిరియాల కషాయం కాచి ఇచ్చాను. తాగుతూనే సైగలతో చూపిస్తున్నారు, యాకోబు ఎట్లా పళ్లు కొరికాడో, తను ఎట్లా గుడ్లురిమారో. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఇంత నవ్వడం చూడలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

కొంప మునిగేట్టుంది. పడమటింటి రెడ్డి ఆయన్ను నిలదీశాడట. ‘ఏమప్పా దేవదాసూ, మూడు తూర్లు కొట్లాడితిరి, ఒగనికి తోలన్నా గీసుకోలేదే? ఆడుకుంటాండారా?’

తూర్పింట్లోనూ అదే మాట. మా తప్పే. కాస్త అటూ ఇటూ తగలనీయాలని ఒక్కరికీ తోచలేదు.

గుడి అయ్యాక అందరూ మాట్లాడుకున్నారు. ఒక దెబ్బ కావాలి, నిజం దెబ్బ. ఆయనే ముందుకొచ్చారు. ‘నాకు తగలనీ. యాకోబు గురి తప్పేది లేదు. భుజానికి ఏస్తాడు.’

యాకోబు నా ముఖం చూశాడు. ‘అక్కా, నా చేత కాదు.’

వెయ్యి అన్నాను. ఎట్లా అన్నానో.

ఫిబ్రవరి 18

యాకోబు పగిలిన కుండను గోడ మీద పెట్టి పొద్దంతా వడిసెల తిప్పాడు. చివర వేసిన ఏడుకు ఏడూ తగిలాయి. కడుపు నిండిపోయింది నాకు. మళ్లీ వెంటనే గుర్తొచ్చింది, అది ఎవరి భుజమో.

ఫిబ్రవరి 19

తగిలింది. భుజానికి కాదు, నుదుటికి. రాయి వస్తుంటే ఆయన అలవాటు కొద్దీ వంగారట.

చాలా రక్తం పోయింది. పసుపు పెట్టి గుడ్డ కట్టాను. కళ్లు బాగానే ఉన్నాయి, మాట బాగానే ఉంది. ‘మీ తమ్మునిది మంచి గురే. నా మెడదే తప్పు.’ నవ్వాను, ఏడ్చాను, ఏది ముందో తెలియదు. గెలిచాం. ఇక రెడ్లు నమ్ముతారు. ఉగాది ఇంకా ఐదు వారాలు.

ఫిబ్రవరి 20

పడమటింటి రెడ్డి స్వయంగా వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

‘నా మనిషి తల పగలగొట్టినోడు ఎవడు? ఎదురుగా తగిలిన దెబ్బ, చూసే ఉంటావు. రేపు పొద్దున వచ్చి పేరు చెప్పు.’

ఇది ఎవరికీ తోచలేదు. ఇరవైఒక్క మందిలో ఒక్కరికీ.

యాకోబు పేరు చెబితే ఈసారి వచ్చేది రాయి కాదు. రెడ్డి కొడుకులు గొడ్డళ్లతో వస్తారు, వాళ్లు మా గిన్నెలో తాగలేదు. ఇంకొకరి పేరు చెబితే... వాళ్లకూ అక్కచెల్లెళ్లు ఉన్నారు. చూడలేదంటే నమ్మడు.

ఆ ఉత్తరం రాసింది నేను. వెయ్యి అన్నదీ నేనే.

ఫిబ్రవరి 21

పొద్దున కట్టు మార్చాను. మారుస్తూ చెప్పాను — నా పేరు చెప్పు.

నా పెళ్లాం సంగటి తీసుకొని వచ్చింది, మొగుడూ తమ్ముడూ ఎదురెదురుగా నిలబడడం చూసి పిచ్చెక్కి రాయెత్తి వేసింది, నాకే తగిలింది — అట్లా చెప్పు. గట్టు మీద ఉన్నవాళ్లంతా మనవాళ్లే, అవునంటారు. ఇంతవరకు రెడ్లు ఆడవాళ్ల మీద చెయ్యి వేయలేదు. ఊరంతా నవ్వుతుంది, నవ్వనీ. మిషన్‌వాళ్లకు తెలిస్తే నా బడి పోతుంది.

ఆయన కట్టు తడుముకున్నారు. ‘నువ్వు ఏస్తే రాయి నీ కాళ్లకాడనే పడతాది. రెడ్డి నమ్ముతాడా?’

నమ్మేట్టు చెప్పు అన్నాను.

వెళ్లారు.

గంట కొట్టి పిల్లల్ని కూర్చోబెట్టాను. బడి మెట్ల మీదనుంచి రెడ్డి వాకిలి కనిపిస్తుంది. ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. యాకోబుకు ఇదేమీ తెలియదు, వంకలో ఎద్దులు కడుగుతున్నాడు.

ఇప్పుడే రెడ్డి ఇంట్లో పెద్దగా నవ్వారు. చాలామంది.

నవ్వు ఆగిపోయింది. ఆయన ఇంకా బయటికి రాలేదు.