ఎక్స్‌రే గదికి ఇవతల

మార్చి 3
రెండు గీతలు! నవంబరులో కడుపు పోయాక మళ్లీ ఈ మాట రాస్తాననుకోలేదు. ఆయన బాత్రూం తలుపు దగ్గరే నిలబడి ఆ స్ట్రిప్‌నే చూస్తూ ఉండిపోయారు. అత్తయ్య అప్పుడే పేర్లు వెతుకుతోంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఏడిపించాను.

మార్చి 4
ఎక్స్‌రే గదిలో డ్యూటీ మాన్పించుకున్నాను. ఇన్నేళ్లుగా వచ్చిన ప్రతి ఆడమనిషినీ కడుపుతో ఉన్నారా అని అడిగి, ఔనంటే వెనక్కి పంపినదాన్ని. ఇప్పుడు రిసెప్షన్‌లో టోకెన్లిస్తున్నాను. దగ్గొకటి వదలడం లేదు.

మార్చి 19
దగ్గితే కర్చీఫ్‌లో రక్తం. టీబీ కావచ్చు, ఎక్స్‌రే తీయించుకోమన్నారు ఛాతీ డాక్టరు. కుదరదన్నాను. మా సీనియర్ టెక్నీషియన్, అందరం పెద్దాయన అంటాం, పొట్టకి లెడ్ ఏప్రన్ కడతానమ్మా, ఒక్క ఫిల్మే, బిడ్డకేం కాదు, నీకు తెలియందా అని బతిమాలారు. తెలుసు. ఎంతమందికి నేనే చెప్పలేదూ! నా దాకా వచ్చేసరికి ఆ తెలివంతా ఏమైపోయిందో. ఒక బిడ్డ పోయింది చాలు.

ఏప్రిల్ 2
స్కాన్ కూడా మూడో నెల నిండాకే అన్నాను. పోయినసారి తొందరపడి వెళ్లే కదా, గుండె కొట్టుకోవడం లేదన్న మాట విన్నది. వాంతులు విపరీతం. బిడ్డ గట్టిదని అత్తయ్య మురిసిపోతోంది.

ఏప్రిల్ 3
మెట్ల మీద ఊపిరాడలేదు.

ఏప్రిల్ 11
స్కాన్‌లో బిడ్డ లేదు. అసలు లేనే లేదట. నవంబరులో పోయిన కడుపు తాలూకు కణాలు లోపలే మిగిలి కేన్సర్ అయ్యాయట. చాలా అరుదట. గర్భం హార్మోనునే అదీ పుట్టిస్తుందట. అందుకే రెండు గీతలు, అందుకే వాంతులు. రక్తంలో పడి ఊపిరితిత్తులకెక్కింది, లివరుకీ పాకింది. దగ్గూ దానిదే. మార్చిలోనే వచ్చుంటే అని మొదలుపెట్టి డాక్టరమ్మ ఆగిపోయింది.

ఎక్స్‌రే పెద్దాయనే తీశారు. అలవాటుకొద్దీ కడుపుతో ఉన్నావా అని అడగబోయి నాలిక్కరుచుకున్నారు. ఫిల్మ్ దాచబోతే లాక్కుని చూశాను. రెండు వైపులా గుండ్రటి తెల్లమచ్చలు. ఇంకెవరిదైనా అయితే అయ్యో పాపం అనేదాన్ని.

ఇన్నాళ్లూ దీన్నా నేను కడుపులో పెట్టుకుని కాపాడింది?

ఏప్రిల్ 20
కీమో మొదలైంది. లివరు సంగతి అడిగితే చూద్దాం అంటారు. అత్తయ్య పేర్లెత్తడం మానేసింది. ఇంట్లో అందరూ ఇప్పుడు నా టెస్ట్ నెగెటివ్ రావాలని దేవుణ్ని వేడుకుంటున్నారు.

మే 6
హార్మోను సగానికి పడిపోయిందట. ఆయన నర్సులందరికీ చెప్పుకొస్తున్నారు. నాకు మళ్లీ కడుపు పోయినట్టే ఉంది. ఈసారి ఎవరూ ఓదార్చడం లేదు.