వీధిలో పరచిన పడుగు

ధర్మవరం, 1957. ఆశ్వయుజం, రాత్రి.

నా భార్య సావిత్రి పోయాక ఆమె పెట్టిన మహిళా సంఘం నిలవదేమోనని భయపడ్డాను. ఈ ఉదయం ఆ భయం నిజమయ్యేట్టే అనిపించింది. వీధి కొళాయి కోసం రేపు అందరూ పెనుకొండ ఆఫీసుకు పోవాలి. అక్కడ సావిత్రి బదులు ఎవరు మాట్లాడాలన్నదే తగువు. మగ్గాలున్న ఇళ్లవాళ్లు లక్ష్మమ్మ అన్నారు. కూలికి పట్టు చుట్టేవాళ్లు మరియమ్మ అన్నారు.

"అక్క ఉంటే ఎవర్ని పంపేదో నువ్వే చెప్పు సారూ" అన్నారు. మీరే తేల్చుకోండన్నాను. తగువు ముదిరింది. మరియమ్మ తనవాళ్లతో లేచి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం లక్ష్మమ్మ మగ్గానికి ఎక్కించాల్సిన పట్టు పడుగు, ఆ నిలువు పోగులన్నీ, వీధి పొడవునా చాచి ఉండగా మబ్బు పట్టింది. తడిస్తే పాడవుతుంది. చుట్టడానికి చాలా చేతులు కావాలి. పిలవకుండానే మరియమ్మ తనవాళ్లతో వచ్చి రెండో కొస పట్టుకుంది.

"ఏమ్మే, పొద్దున మాకు దండం పెట్టి పోతివి కదా?" అంది లక్ష్మమ్మ.

"కోపం నీ మీద ఉండాది. పడుగు మీద యాడుండాది? వాగకుండా గట్టిగా పట్టుకో, పోగులు చిక్కుపడతాయి."

చేతులు ఖాళీ లేవు కనుక ఈసారి ఎవరూ లేచిపోలేకపోయారు. చుట్టడం అయ్యేలోగా తిట్టుకుంటూనే తేల్చుకున్నారు. పెనుకొండలో మరియమ్మ మాట్లాడుతుంది, వచ్చేవారం హిందూపురంలో జరిగే మహిళా సభలో లక్ష్మమ్మ.

నన్నెవరూ అడగలేదు. సావిత్రి పేరూ ఎత్తలేదు. కాసేపు మనసు కలుక్కుమంది. కానీ ఆమె కోరుకున్నది ఇదే. సంఘం నిలుస్తుంది.

ఆ మాట సావిత్రికి చెబుదామని లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లాను…