మీటర్ మీద అనుమానం

ఇబ్రహీంపట్నం,
సెప్టెంబరు 14.

ప్రియమైన కిరణ్మయికి, అమ్మ ఆశీస్సులు.

నిన్న హాస్టల్‌కి వచ్చి నీ షుగర్ మీటర్ తీసుకుని కొత్తది ఇచ్చాను కదా. ఎందుకు మార్చానో మీ వార్డెన్ మేడం ముందు చెప్పలేకపోయాను. మొన్న ఎల్బీనగర్‌లో చేయించిన రక్తపరీక్ష వచ్చింది. మూడు నెలల సగటు 250 దాటిందట. నీ పుస్తకంలో ఏమో రోజూ 104, 112, 118. మీటర్‌లో పాత అంకెలు వెతికితే అవే ఉన్నాయి. "రెండిట్లో ఒకటి తప్పమ్మా" అన్నారు డాక్టరుగారు. మీటరే పాడై ఉంటుంది. దాన్ని నమ్మి ఇన్సులిన్ తక్కువ వేసుకుంటున్నావేమోనని టిఫిన్ సెంటర్‌లో నా చేతులు ఆడటం లేదు. వెంటనే జవాబు రాయి.

నీ అమ్మ,
వసంతలక్ష్మి

హాస్టల్,
సెప్టెంబరు 18.

ప్రియమైన అమ్మకి,

కొత్త మీటర్‌లో ఇవాళ 109. బాగానే ఉన్నాను. దాహం ఎక్కువేస్తోంది, ఉక్కకేలే. పాత మీటర్ని ల్యాబుల చుట్టూ తిప్పకు, పారెయ్. పరీక్షలు దగ్గరపడ్డాయి, ఈ వారం రావద్దు. అమ్మమ్మని అడిగానని చెప్పు.

నీ కిన్ను

ఇబ్రహీంపట్నం,
సెప్టెంబరు 22.

ప్రియమైన కిన్నూ,

పారెయ్యలేదు. మూడు రోజులు పరగడుపున, షుగరున్న అమ్మమ్మని కూడా వెంటబెట్టుకుని బస్టాండు దగ్గర ల్యాబుకి వెళ్లాను. చేతి నరంలోంచి రక్తం తీసిన నిమిషంలోనే వేలు గుచ్చి మీటర్‌తోనూ చూశారు. నాకు ల్యాబులో 94, మీటర్‌లో 97. అమ్మమ్మకి ఒకరోజు 186కి 178, ఇంకోరోజు 203కి 196. "గంత తేడా ఏ మిషన్లనైనా ఉంటదక్కా. మీటర్ మంచిగనే ఉంది" అంది ల్యాబు అమ్మాయి సుసన్న. తర్వాత మెల్లగా, "మీటర్ల ఉన్న పాత అంకెలు మీ బిడ్డ రక్తానివేనా?" అంది.

ఆమె మీద అరిచి బయటికొచ్చాను. ఇంట్లో కూర్చోలేక సాగర్ రోడ్డు మీద ఎంతదూరమో నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చాను. దాహం అని రాసిన ఆ ఒక్క మాటే తిరుగుతోంది బుర్రలో.

నేనేమీ అడగను. శనివారం వస్తున్నాను. ఈలోపు ఏదన్నా ఉంటే, నాకు చెప్పకపోయినా మీ హాస్టల్ నర్సమ్మకి చెప్పు.

అమ్మ

హాస్టల్,
సెప్టెంబరు 24.

ప్రియమైన అమ్మా,

ఆ అంకెలు సింధువి. నా పక్క మంచం. రోజూ పొద్దున్నే వేలు ఇచ్చేది. నేనే బతిమాలాను.

జూన్‌లో నాకు 300 వచ్చినప్పుడు వార్డెన్ మేడం, "ఇట్లనే ఉంటే ఇంటికి పంపుడే" అన్నారు. ఇంటికొస్తే పోయినేడు లాగే నువ్వు పని మానేసి నా పక్కన కూర్చుంటావు. నాకు ఇక్కడే చదువుకోవాలని ఉంది. ఇన్సులిన్ మానలేదమ్మా. ఎంత వేసుకోవాలో తెలియక పాత మోతాదే వేసుకుంటూ వచ్చాను.

నీ ఉత్తరం చదివి నర్సమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె ఎదురుగానే వేలు గుచ్చుకున్నాను. 342. ఆమె వెంటనే డాక్టరుకి ఫోన్ చేసి మోతాదు మార్చింది. సాయంత్రానికి 210. మేడంకి కూడా నేనే చెప్పాను. నా పుస్తకం తీసుకుని పేజీలన్నీ తిరగేశారు. చివరికి, "దాస్తేనే భయం. చెప్తే ఎందుకు పంపుతం" అన్నారు.

శనివారం రా. నన్ను తిట్టు. సింధుని మాత్రం ఏమీ అనకు. నిన్న దాని చెయ్యి పట్టుకుని చూశాను. మూడు నెలల్లో వేలికొసలన్నీ కాయలు కాసిపోయాయి.

నీ కిన్ను