ఎనిమిదో రీలు

నవంబర్ 4, స్కార్‌బరో
నా అల్మరాలో మళ్లీ పుల్లటి వాసన. పాడైన పచ్చడి జాడీ దాచుకున్నానేమోనని సుధ అనుమానం. తొంభై దాటిన తండ్రి మీద కూతురు వేయగల నింద అంతే కాబోలు. జాడీ కాదు, ఫిల్మ్ డబ్బా. ఈ వాసన వచ్చిందంటే లోపల ఫిల్మ్ కుళ్లుతున్నట్టే. మద్రాసులో స్టూడియో మేనేజరుగా ఉన్నన్నాళ్లూ రీళ్ల గది తాళాలు నా దగ్గరే... నాకు తెలియదా.

నవంబర్ 5
నిద్ర లేదు.

నవంబర్ 7
స్టూడియో మూసేశాక మా ప్రొప్రయిటరు నెగటివులన్నీ ఫిల్మ్ కరిగించి వెండి తీసేవాళ్లకు తూకానికి అమ్మేశాడు. పంతొమ్మిది వందల యాభైల్లో, అరవైల్లో నేను పోట్లాడి, బతిమాలి, పూర్తి చేయించిన సినిమాలు. చేతికందిన డబ్బా ఒక్కటే తెచ్చుకున్నాను — ఎనిమిదో రీలు. ఇదీ పోతే నేను ఏం చేశానో చెప్పడానికి ఏమీ మిగలదు. మొన్న మనవడు నా గురించి ఎవరితోనో ఫోన్లో అంటున్నాడు, "హి వాజ్ సమ్ కైండాఫ్ మేనేజర్" అని.

నవంబర్ 10
కింద బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న స్టూడెంట్లలో రమ్య అనే ఖమ్మం పిల్ల ఉంది. కాలేజీలో ఫిల్మ్ ప్రొడక్షన్ చదువుతోంది. డబ్బా చూపిస్తే చేతులు తుడుచుకుని మరీ పట్టుకుంది. అలిగి మేకప్ రూమ్‌లో కూర్చున్న హీరోని బయటికెలా రప్పించేవారని అడిగింది. ఇక ఆపలేదు నేను. గొంతు బొంగురుపోయింది. పిచ్చి ముసలాణ్ని.

నవంబర్ 15
రమ్య డబ్బా కాలేజీ ల్యాబ్‌కు తీసుకెళ్లింది. బస్సులో ఒళ్లోనే పెట్టుకుంటానంది.

నవంబర్ 18
రమ్య పార్ట్‌టైం ఉద్యోగం షిఫ్ట్ నుంచి నేరుగా నా గదికి వచ్చింది, యూనిఫాం కూడా విప్పకుండా. రీలు ముద్దలా అతుక్కుపోయిందట. ల్యాబ్‌లో సారు మెల్లగా విప్పుతూ ఫొటోలు తీస్తాడట. అయితే —
"విప్పుతుంటేనే ముక్కలైపోతదంట తాతయ్యా. కొన్ని ఫ్రేములు దొరకొచ్చు, అసలు ఏం దొరకకపోవచ్చు. విప్పమంటారా, వద్దా?"
విప్పకపోతే ఏమవుతుందన్నాను. ఎండాకాలానికల్లా దానంతటదే పోతుందట.
ఆలోచించి చెబుతానన్నాను. అప్పట్లో సెట్టు కూల్చాలా, ఉంచాలా అని షూటింగ్ ఫ్లోర్ అంతా నా నోటివంక చూస్తుంటే కాఫీ చల్లారేలోపు తేల్చేసేవాణ్ని.

నవంబర్ 19
భయం. విప్పాక అందులో ఏమీ లేకపోతే...

నవంబర్ 21
మంచు. ల్యాబ్ సారు శుక్రవారం వరకే ఆగుతాడని రమ్య మెసేజ్ పెట్టింది. సుధ చదివి వినిపించి, "ఏదో ఒకటి చెప్పేయ్ నాన్నా" అంది. ఏదో ఒకటి. అన్నం సయించలేదు.

నవంబర్ 25
శుక్రవారం. కాలేజీకి బయల్దేరుతూ రమ్య నా తలుపు కొట్టింది. ఆగి మళ్లీ కొట్టింది. "తాతయ్యా..." అని మెల్లగా పిలిచింది.
దుప్పటి మీదికి లాక్కుని నిద్ర నటించాను. బస్సు కదిలిన చప్పుడు వినిపించేదాకా కళ్లు తెరవలేదు.